మీ పని కార్డు మీద ఎక్కాలి

స్లాబు పోసే రోజున సైటు మీద ఎంతమంది ఉంటారో ఒకసారి గుర్తు చేసుకోండి. మిక్సర్ దగ్గర కొందరు, మాలు అందించేవాళ్లు కొందరు, పైన వైబ్రేటర్ పట్టుకున్నవాళ్లు, సెంట్రింగ్ వాళ్లు, కంకర ఎత్తే ఆడవాళ్లు. పొద్దున అడ్డా మీద నుంచి ఆటోలో వచ్చినవాళ్లు సాయంత్రం కూలి తీసుకుని వెళ్లిపోతారు. ఆ స్లాబు మాత్రం రెండు తరాలకు నీడనిస్తుంది. దాన్ని పోసినవాళ్ల పేర్లు ఎక్కడ ఉన్నాయని వెతికితే కాంట్రాక్టరు లెక్కల్లో ‘లేబర్’ అని ఒక మొత్తం, మేస్త్రీ చిట్టీలో ఇన్ని తలలు అని ఒక అంకె కనిపిస్తాయి. పేర్లు కనిపించవు.

ఈ అధ్యాయం ఆ పేర్ల కోసం రాసింది. తాపీ పని, రాడ్ బెండింగ్, సెంట్రింగ్, టైల్స్, పెయింటింగ్, ప్లంబింగ్, మట్టి పని, ఇందులో మీది ఏదైనా సరే. భవన నిర్మాణ కార్మికుల కార్డు అనగానే మనవాళ్లకు పెళ్లి కానుక, కాన్పు డబ్బులు, చనిపోతే ఇంట్లోవాళ్లకు వచ్చే సాయం గుర్తుకొస్తాయి. అందుకే కార్డు ట్రంకుపెట్టెలో భద్రంగా ఉంటుంది, అవసరం పడినప్పుడే బయటికి వస్తుంది. నా దృష్టిలో అది కార్డు చేయగల పనిలో సగమే. మీరు ఫలానా చోట, ఫలానా రోజుల్లో పనిచేశారని చెప్పే సాక్ష్యంగా నిలవడం మిగతా సగం. ఆ సగాన్ని మనం దాదాపుగా వాడుకోవడం లేదు.

లెక్కలో లేని పనికి ధర

రాతలో లేని పని వల్ల నష్టం రోజూ కనిపించదు. కూలి చేతికి వస్తున్నంతకాలం అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. పరంజా మీద నుంచి జారిన రోజున తెలుస్తుంది. పనిలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా యజమాని పరిహారం ఇవ్వాలని మన దేశంలో 1923 నుంచే చట్టం ఉంది. అయితే పరిహారం ప్రశ్న రావడానికి ముందు ఇంకో ప్రశ్న వస్తుంది: ఇతను మా దగ్గర పనిచేసేవాడేనా? బిల్డరు ‘నేను కాంట్రాక్టుకిచ్చాను’ అంటాడు. కాంట్రాక్టరు ‘లేబర్ సంగతి మేస్త్రీకి తెలుసు’ అంటాడు. మేస్త్రీ కూడా మీ ఊరివాడే. అతని దగ్గర ఇచ్చేందుకు డబ్బూ ఉండదు, చూపించేందుకు కాగితమూ ఉండదు. అసలు మేలు చేసే చట్టం ఈ తొలి ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతూ ఉన్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వెళ్లినవాళ్లు ఉన్నారు. అలాంటి చోట శిథిలాల కింద ఎవరెవరు ఉన్నారో చెప్పాల్సింది హాజరు పుస్తకం. ఆ పుస్తకం సరిగా లేని సైటులో పిల్లవాడి ఫొటో పట్టుకుని తండ్రి తిరగాల్సి వస్తుంది.

ప్రమాదం జరగకపోయినా నష్టమే. 2020 మార్చి 24న లాక్‌డౌన్ వేళ, నిర్మాణ కార్మికుల సంక్షేమ నిధి నుంచి నేరుగా వాళ్ల ఖాతాల్లో డబ్బు వేయమని కేంద్ర కార్మిక శాఖ రాష్ట్రాలకు చెప్పింది. అప్పటికి కట్టడం ఖర్చు మీద వసూలైన ఆ సెస్ నిధిలో సుమారు 52,000 కోట్ల రూపాయలు ఉన్నాయనీ, నమోదైన కార్మికులు దాదాపు మూడున్నర కోట్లమంది అనీ ఆ శాఖే ప్రకటించింది. ఆ డబ్బు నమోదైనవాళ్లకే. అదే సైటులో అదే తట్ట మోసి, పేరు నమోదు కానివాళ్లు రోడ్డు పట్టుకుని నడిచారు. ఢిల్లీలో కాలుష్యం పెరిగి నిర్మాణాలు ఆపినప్పుడల్లా ఇచ్చే జీవనభృతి కూడా నమోదైనవాళ్లకే అందుతోంది.

కార్డు పుట్టిన చట్టం

భవన, ఇతర నిర్మాణ కార్మికుల చట్టం 1996లో వచ్చింది. 18 ఏళ్లు నిండి 60 నిండనివాళ్లు, గడిచిన పన్నెండు నెలల్లో కనీసం 90 రోజులు ఈ పని చేసినవాళ్లు పేరు నమోదు చేసుకోవచ్చని 12వ సెక్షన్ చెప్పింది. ఇంతవరకూ చాలామందికి తెలుసు. దాని పక్కనున్న 13వ సెక్షన్ సంగతి మేస్త్రీలకు కూడా తెలియదు. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే కార్డు మీద ఫొటో ఒక్కటే ఉంటే చాలదనీ, చేసిన పనుల వివరాలు రాసుకోవడానికి తగినంత చోటు కూడా ఉండాలనీ ఆ సెక్షన్ చెప్పింది. ఆ వివరాలు రాయాల్సింది యజమానే అంది. రాసి, సంతకం చేసి, కార్డు తిరిగి కార్మికుడి చేతికి ఇవ్వాలంది. లేబర్ ఇన్‌స్పెక్టర్ అడిగితే కార్మికుడు చూపించాలంది.

చట్టం రాసినవాళ్ల ఆలోచన ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. కూలీ ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మారుతూనే ఉంటాడు. యజమాని దగ్గరి రిజిస్టరు యజమాని దగ్గరే ఉండిపోతుంది. అందుకని కూలీతోపాటు తిరిగే ఒక రాత కావాలి. వైద్యుడు మారినా రోగి చేతిలో ఉండే చీటీలాగా, ఈ కార్డు సైటు సైటుకూ మీ వెంట రావాలి. ముప్పై ఏళ్లు గడిచినా ఆ ఖాళీ జాగాలు ఖాళీగానే ఉండటం నన్ను బాధపెడుతుంది. రాయమని ఎవరూ అడగలేదు, ఎవరూ రాయలేదు.

2025 నవంబరు 21 నుంచి ఈ చట్టం స్థానంలో కొత్త లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 18–60 వయసు, 90 రోజుల పని, కట్టడం ఖర్చు మీద ఒకటి నుంచి రెండు శాతం సెస్ అనే మూడూ సామాజిక భద్రతా కోడ్‌లో కొనసాగాయి. వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్‌లో మీకు పనికొచ్చే ఒక కొత్త మాట ఉంది. పదిమంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే చోట పనిలోకి తీసుకున్న ప్రతి ఒక్కరికీ యజమాని నియామక పత్రం ఇవ్వాలి. అపార్టుమెంటు సైట్లలో పదిమంది కంటే తక్కువ ఉండటం అరుదు. ‘మా పనికి అపాయింట్‌మెంట్ ఆర్డరేమిటి’ అని నవ్వేవాళ్లు ఉంటారు. నవ్వనివ్వండి. అడగడం మీ హక్కు.

సెస్ గురించి ఒక మాట. ఐదు కోట్లతో అపార్టుమెంటు కడితే ఒక శాతం లెక్కన ఐదు లక్షలు నిధికి జమ కావాలి. ఆ డబ్బు ప్రభుత్వం మీకు దయతో ఇచ్చేది కాదు, మీరు కట్టిన గోడ మీద మీ పేరున వసూలైన సొమ్ము. 2018 మార్చి 19న సుప్రీంకోర్టు జస్టిస్ మదన్ లోకూర్ బెంచి ఇచ్చిన తీర్పు ప్రకారం, అప్పటికి దేశమంతటా 37,400 కోట్లకు పైగా వసూలైతే కార్మికుల కోసమని ఖర్చయింది 9,500 కోట్లే. డబ్బు ఉంది, దాన్ని తీసుకోవాల్సిన పేర్లే పుస్తకంలో లేవు. అధికారుల అలసత్వం ఇందులో పెద్ద భాగమే. కానీ మన పేరు మనం ఎక్కించుకోకపోవడం కూడా ఒక భాగం.

బయటి దేశాలు ఏం చేశాయి

ఐరోపాలో కూడా నిర్మాణ రంగంలో లెక్కకు చూపని పని పెద్ద సమస్యే. అక్కడ కొన్ని దేశాలు కార్డునే ఆయుధం చేసుకున్నాయి. నార్వేలో 2008 నుంచి నిర్మాణ సైట్లలో ఫొటో కార్డు తప్పనిసరి. ఫిన్లాండ్‌లో 2012 నుంచి ప్రతి కార్మికుడికీ ఒక పన్ను నంబరు ఇచ్చి, దాన్ని మెడలో వేసుకునే కార్డు మీద ముద్రిస్తున్నారు. అక్కడితో ఆగకుండా, సైటులో ఎవరెవరు పనిచేస్తున్నారో ప్రధాన కాంట్రాక్టరు నెలనెలా పన్ను శాఖకు తెలపాలని 2014లో నియమం పెట్టారు. స్వీడన్‌లో 2016 నుంచి నిర్మాణ సైట్లలో ఎలక్ట్రానిక్ హాజరు రిజిస్టరు ఉండాలి. తనిఖీకి వచ్చిన అధికారి సైటులో కనిపించిన మనుషులను, రిజిస్టరులోని పేర్లను పోల్చి చూస్తాడు. ఫ్రాన్స్‌లో 2017లో వచ్చిన బీటీపీ కార్డు కోసం దరఖాస్తు చేయాల్సింది, రుసుము కట్టాల్సింది యజమాని. కార్డు తీసుకోకపోతే ఒక్కో కార్మికుడికి 4,000 యూరోల దాకా జరిమానా పడుతుంది, అదీ యజమానికే.

ఈ దేశాల నుంచి నేర్చుకోవాల్సింది రెండు సంగతులు. కార్డుకు హాజరు తోడైతేనే లెక్కలో లేని పని బయటపడుతుంది. ఒంటరి కార్డు ఫొటో దగ్గరే ఆగిపోతుంది. బాధ్యత, జరిమానా యజమాని మీద ఉంటేనే కార్డు గేటు దగ్గర కనిపిస్తుంది.

గల్ఫ్ అనుభవం దీనికి వేరు. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇళ్లలో అక్కడి నివాస పత్రం అకామా అంటే తెలియనివాళ్లు ఉండరు. అక్కడా కార్డు ఉంది, చాలా కట్టుదిట్టంగా ఉంది. కానీ అది కార్మికుణ్ని ఒక్క కఫీలుకు, అంటే పనిలో పెట్టుకున్న యజమానికి, కట్టేస్తూ వచ్చింది. వేరే చోట పనిచేస్తే ఖల్లివల్లి, అంటే చెల్లే కాగితాలు లేనివాడు, అయిపోతాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఇరుక్కుంటే ఇంటికి కూడా రాలేడు. మనకు కావాల్సింది అలాంటి కార్డు కాదు. కార్డు మీ చేతిలోనే ఉండాలి, మీ పని చరిత్రను మోయాలి, మీరు ఎక్కడికి వెళ్లినా చెల్లాలి. ఏ మేస్త్రీ అయినా, ఏ కంపెనీ అయినా ‘కార్డులన్నీ మా ఆఫీసులో పెట్టండి’ అంటే జిరాక్సు ఇవ్వండి. అసలు కార్డు ఇవ్వకండి.

ఇక చేయాల్సినవి

ముందు కార్డుల మధ్య తేడా తెలుసుకోండి. 2021 ఆగస్టు 26న మొదలైన ఈ-శ్రమ్ కార్డు 16 నుంచి 59 ఏళ్ల మధ్య అసంఘటిత కార్మికులందరికీ ఇచ్చేది. దాని మీద పన్నెండంకెల నంబరు ఉంటుంది. చాలామంది అది తీసుకుని ‘నాకు లేబర్ కార్డు ఉంది’ అనుకుంటున్నారు. నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు ఇచ్చే కార్డు వేరు. బోర్డు పథకాలు దాని మీదే అందుతాయి. రెండూ తీసుకోండి, ఒకటి ఉందని రెండోది వదలకండి.

ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు, పనిచేసే ఫోన్ నంబరు, 90 రోజుల పని ధ్రువీకరణ ఉంటే నమోదు పెద్ద కష్టం కాదు. తెలంగాణలో మీసేవలో దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా సందేహం ఉంటే నేరుగా మీ ప్రాంతపు అసిస్టెంట్ లేబర్ ఆఫీసరు కార్యాలయంలో అడగండి. బ్రోకరు ‘నాకు ఇంత ఇవ్వు, తొంభై రోజుల కాగితం నేనే పుట్టిస్తా’ అంటాడు. వద్దు. ఎన్నడూ తట్ట ఎత్తనివాళ్లు ఆ దారిలోనే కార్డులు తెచ్చుకున్నారు. బోగస్ కార్డులు పెరిగాయన్న పేరుతో అధికారులు మీలాంటి నిజమైన కార్మికుల దరఖాస్తులను కూడా అనుమానంగా చూస్తున్నారు. మీరు నిజంగా చేసిన పనికి దొంగ కాగితం ఎందుకు?

తొంభై రోజుల సంతకం దగ్గరే చాలామంది ఆగిపోతారు. ఎప్పుడు అడగాలో, ఎలా అడగాలో తెలిస్తే అది కుదురుతుంది. కూలి బాకీ గొడవ అయ్యాక, సైటు వదిలాక అడిగితే ఎవరూ సంతకం పెట్టరు. పనిలో చేరేటప్పుడే, అడ్వాన్సు మాట్లాడుకునేటప్పుడే మాట తీసుకోండి. ఒక్కరే అడగకండి, గుంపంతా కలిసి అడగండి. మాట కూడా మెత్తగా, సూటిగా ఉండాలి: ‘అన్నా, ఈ సైటుల నాలుగు నెలలు చేస్తం. కార్డులకు పని రాసి సూపర్‌వైజర్ సారుతోని సంతకం పెట్టియ్యాలె. అడ్వాన్సుతోపాటు ఇది కూడ ఇప్పుడే అనుకుందం.’ మేస్త్రీ సంకోచిస్తే అతని భయం ఏమిటో అడగండి. సాధారణంగా పీఎఫ్, ఈఎస్ఐ తన మెడకు చుట్టుకుంటాయనే భయం. నిజానికి ఆ మేస్త్రీ కూడా కార్డు తీసుకుని బోర్డులో సభ్యుడు కావచ్చు, అతను కూడా పరంజా ఎక్కేవాడే. చాలామంది గుంపు మేస్త్రీలకు కార్డు లేదు. ముందు అతనికి తీయించండి, తర్వాత అతనే మీ తరఫున మాట్లాడతాడు.

కార్డులో పేజీలుంటే పని వివరం అందులోనే రాయించండి. ఒకే ముక్క కార్డయితే చిన్న నోటుపుస్తకం ఒకటి పెట్టుకోండి. తేదీ, సైటు పేరు, బిల్డరు పేరు, సైటు బోర్డు మీదున్న అనుమతి నంబరు, పనికి పిలిచిన మేస్త్రీ, మాట్లాడుకున్న కూలి, చేతికొచ్చిన కూలి. చదువు రానివాళ్లు పిల్లలతో రాయించుకోవచ్చు. మొదటి రోజునే సైటు బోర్డు ముందు గుంపుగా నిలబడి ఫొటో తీయండి. మేస్త్రీకి వాట్సాప్‌లో ‘రేపు మేం ఆరుగురం వస్తున్నాం’ అని వాయిస్ పంపండి, ఆ మెసేజీ చెరపకండి. ఇవన్నీ కోర్టులో చట్టబద్ధమైన రిజిస్టరుకు సాటి కాకపోవచ్చు. కానీ ‘ఇతనెవరో మాకు తెలియదు’ అన్న మాటను నిలవనివ్వవు.

పెద్ద కంపెనీల సైట్లలో ఇప్పుడు గేటు దగ్గర వేలిముద్రో, ముఖం స్కానో తీసుకుంటున్నారు. అది మంచిదే. అయితే ఆ హాజరు కంపెనీ కంప్యూటరులో ఉంటుంది, మీ చేతిలో ఏమీ ఉండదు. నెలకోసారి హాజరు చీటీ అడగండి. కూలి నగదుగా కాకుండా బ్యాంకులో వేయమనండి. ఖాతాలో పడిన ప్రతి జమా ఒక సాక్ష్యం.

ఆడవాళ్ల సంగతి విడిగా చెప్పాలి. పాలమూరు వైపు నుంచి వలస వెళ్లే గుంపుల్లో మొగుడూపెళ్లాలను జోడీగా మాట్లాడుకుంటారు. కూలి జోడీకి లెక్కగడతారు, డబ్బు మగవాడి చేతికి వస్తుంది. తట్టలు మోసేది ఆమె, నీళ్లు పట్టేది ఆమె, మధ్యలో పిల్లవాడికి పాలిచ్చేది ఆమె. పుస్తకంలో ఆమె పేరు మాత్రం ఫలానావాడి భార్య. అమ్మా, మీకు విడిగా కార్డు కావాలి. కాన్పు సాయం మీ కార్డు మీదే అడగొచ్చు, మీ భర్త కార్డు మీద ఆధారపడకండి. బ్యాంకు ఖాతా కూడా మీ పేరున ఉండాలి. అన్నా, మీరు లేబర్ ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఆమెను వెంట తీసుకుని వెళ్లండి. ఇద్దరి పనీ ఒకేసారి అవుతుంది.

చాలామంది మనసులో ఉండి పైకి చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. లెక్కలోకి వస్తే చేతికొచ్చే కూలి తగ్గుతుందేమోనని భయం. ఇరవైమంది, అంతకంటే ఎక్కువమంది ఉన్న సంస్థలో పీఎఫ్ వర్తిస్తే మీ జీతంలో పన్నెండు శాతం కోత పడుతుంది, నిజమే. అంతే మొత్తం యజమాని కూడా కట్టాలి, ఆ ఖాతా నంబరు మీరు ఎన్ని సైట్లు మారినా మీతోనే వస్తుంది. ఇక బోర్డు కార్డుకు కూలిలో శాతం ఏదీ కోయరు. నమోదు రుసుము, ఏటా కొద్దిపాటి చందా, అంతే. ఒక రోజు కూలి కంటే తక్కువతో అయిపోయే పని. చందా సంవత్సరంపాటు కట్టకుండా వదిలితే సభ్యత్వం పోతుందని 1996 చట్టమే చెప్పింది. ఎన్నో కుటుంబాలకు సాయం అందకపోవడానికి కారణం ఇదే. కార్డు ఉంటుంది, రెన్యువల్ ఉండదు.

ఇంకో జాగ్రత్త. బోర్డులు రాష్ట్రానికొకటి. శ్రీకాకుళంలో తీసుకున్న కార్డు హైదరాబాదులో దానంతటదే చెల్లుతుందని అనుకోకండి. ఏడాదిలో ఎక్కువ రోజులు ఎక్కడ పనిచేస్తారో చూసుకుని, రెండు చోట్లా లేబర్ ఆఫీసుల్లో అడిగి, ఒక్కచోటే నమోదు పెట్టుకోండి.

సొంత ఇల్లు కట్టుకుంటున్న పాఠకులు కూడా ఈ పుస్తకం చదువుతూ ఉండొచ్చు. మీ ఇంటి మీద పనిచేసిన తాపీ మేస్త్రీ తొంభై రోజుల కాగితం తెస్తే సంతకం పెట్టండి. అతను మీ ఇంట్లో పనిచేశాడన్నది నిజం, ఆ నిజాన్ని రాసివ్వడం వల్ల మీకు పోయేదేమీ లేదు.

కార్డు ఉన్నవాళ్లు ఈ రాత్రే దాన్ని బయటికి తీసి రెన్యువల్ తేదీ చూసుకోండి. లేనివాళ్లు, వాన వల్ల పని ఆగిన రోజు వస్తే అడ్డా మీద కూర్చోకుండా పదిమంది కలిసి ఆధార్, పాస్‌బుక్ పట్టుకుని లేబర్ ఆఫీసుకు వెళ్లండి.